అంచు కొయ్యొద్దన్న టీచరమ్మ

పోయిన వారం నందిగామ నుంచి చర్చి పెద్ద ఒకాయన జగ్గయ్యపేటలో మా బైండింగ్ కొట్టుకి వచ్చి, సంచిలోంచి ఒక పాటల పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. ఆదివారం ఆరాధనలో పాడుకునే లావుపాటి కీర్తనల పుస్తకం. వెన్ను ఊడిపోయి, అట్ట ఒక పక్కకి వేలాడుతోంది.

"నువ్వు కుట్టిందేనంటగా ఇది. టీచరమ్మ సమాధి దగ్గర పాడతా ఉంటే చేతిలోనే ఊడిపోయింది," అన్నాడు.

"ఏ టీచరమ్మండీ?"

"ఇంకెవరు? మంత్రాల టీచరమ్మ."

ఆయన చెప్పకముందే నాకు తెలుసు. అడిగితే ఇంకెవరి పేరన్నా చెబుతాడేమోనని అడిగాను.

ఆ కుట్టు పన్నెండేళ్ల కిందటిది. పదేళ్లకి గ్యారంటీ ఇచ్చాను, పన్నెండేళ్లు నిలబడింది. ఇంకో బైండరయితే మీసం మెలేసుకునేవాడు. నేను మాత్రం అది ఎప్పుడు ఊడుతుందా అని పన్నెండేళ్లూ ఎదురుచూశాను. నా చేతి పనుల్లో పాడైపోవాలని నేను కోరుకున్నది అదొక్కటే. ఎందుకో చెప్పాలంటే ముందు ఆవిడ సంగతి చెప్పాలి.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. మానేశాననడం మర్యాద కోసం; నాకు బడి, బడికి నేను అక్కర్లేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అయితే ఆ తర్వాత ఎనిమిదో తరగతి నుంచి డిగ్రీ దాకా పుస్తకాలన్నీ నా చేతుల మీదుగానే వెళ్లాయి. ప్లీడర్ల పుస్తకాలు కుట్టాను, డాక్టర్ల పుస్తకాలు కుట్టాను. లోపల ఏముందో తెలియకపోయినా ఎంత బరువుందో తెలుసు. చదువుకున్నవాళ్లలో చాలామందికి తెలిసింది కూడా అంతేనని నా అనుమానం.

ఇప్పటి పిల్లలకి ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో వారపత్రికలో సీరియల్ వస్తే, ఆ పేజీలు వారం వారం చింపి దాచుకుని, కథ అయిపోయాక మా దగ్గర కుట్టించుకునేవాళ్లు. ఆ కథ పుస్తకంగా వస్తుందో రాదో రాసినాయనకే తెలియదు. మా కొట్లో మాత్రం అప్పటికే నాలుగు కాపీలు తయారై ఉండేవి. పేజీ వెనక వైపు ఏదుంటే అదే. రాక్షసుడు రాకుమారిని ఎత్తుకుపోతున్న చోట పేజీ తిప్పితే గుత్తి వంకాయ కూరకి తాలింపు వేగుతుండేది.

అలాంటి పేజీలు ఒక వైరు బుట్టలో పెట్టుకుని, చంకలో నల్ల గొడుగుతో, ఒక రెండో శనివారం పొద్దున ఆవిడ నా కొట్టు మెట్లెక్కింది. నందిగామలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. రిటైర్మెంటుకి నాలుగైదేళ్లుందేమో. కూర్చోమనకముందే స్టూలు లాక్కుని కూర్చుంది. జిగురు గిన్నె మీదకి వంగి వాసన చూసింది.

"మైలుతుత్తం కలిపావా?"

"కలిపానండీ."

"మంచిది. కలపకపోతే మా మాంత్రికుణ్ణి బొద్దింకలు తినేస్తాయి. సీరియల్ కుడతావా?"

"కుడతానండీ. ప్రేమా, కుటుంబమా, డిటెక్టివా?"

"మాంత్రికుడన్నాగా."

తల నెరిసిన మనిషి, ఇస్త్రీ చీర, మెడలో చిన్న సిలువ. నోరు ఊరుకోలేదు నాకు. "మనవళ్లకాండీ?" అన్నాను.

"నాకే. ఏం, మాంత్రికుడికి వయసు పరిమితి ఏమన్నా పెట్టారా గవర్నమెంటు వాళ్లు?"

ఇలాంటి మనిషి దొరకడం నా అదృష్టం. మా కొట్టుకొచ్చేవాళ్లలో ఎక్కువమంది నేను వేసిన జోకు ఇంటికెళ్లాక నవ్వుతారు. ఆవిడ అక్కడికక్కడే తిరిగి వేసేది.

లేవబోతూ అంది, "ఒక్క మాట. అంచులు కొయ్యొద్దు."

మా పనిలో పుస్తకం కుట్టాక వెన్ను వదిలేసి మూడు వైపులా మిషన్ మీద కోస్తాం. చక్రం తిప్పితే కత్తి దిగుతుంది. ఎగుడుదిగుడు కాగితాలన్నీ ఒక్క దెబ్బకి గోడలా నునుపవుతాయి. పుస్తకానికి అందం వచ్చేది అక్కడే.

"కొయ్యకపోతే ఎట్టాగండీ? తల దువ్వుకోకుండా పెళ్లిపీటల మీద కూర్చున్నట్టుంటది."

"ఉండనీ. పెళ్లి నాది కాదుగా."

ఎందుకు వద్దందో కుట్టేటప్పుడు అర్థమైంది. అంచుల నిండా పెన్సిలుతో సన్నటి రాత. పిల్లల పలకల మీద రాసిన చెయ్యి కదా, ముత్యాల్లా ఉండేవి అక్షరాలు. లోపలి కథ నేను ఏనాడూ చదవలేదు. అంచులే చదివేవాణ్ణి. తక్కువ ఉంటాయి, పైగా పరీక్ష పెట్టరు.

అట్లా పదిహేనేళ్లకి పైగా ఆవిడ రెండో శనివారం బస్సు దిగడం, నేను కుట్టడం. రిటైరయ్యాక కూడా రెండో శనివారమే వచ్చేది. "మిగతా రోజులు సెలవు కాదు కదయ్యా," అనేది. ఆవిడకి కథల మీద ఉన్న అభిప్రాయాలు ఎమ్మెల్యేకి నియోజకవర్గం మీద కూడా ఉండవు.

మంత్రం వేసినవాడికి చెమట పట్టాలనేది ఆవిడ మొదటి సూత్రం. "చిటికేస్తే కోట లేచిందట. ఎవడికి కావాలి ఆ కోట? చిటికేసినవాడు మూడు రోజులు జ్వరంతో పడుకోవాలి. అప్పుడు నమ్ముతా." పెన్సిలుతో అక్కడ 'జ్వరం ఏదీ?' అని రాసి ఉండేది. మంత్రాల పేజీలన్నిటి పక్కనా అదే రాత. 'జ్వరం ఏదీ?' 'జ్వరం ఏదీ?' తెలియనివాడు చూస్తే ఎవరో డాక్టరుగారి పుస్తకం అనుకుంటాడు.

రాకుమారులంటే పడదు. "వాడు గెలిస్తే వింతేముందయ్యా? గుర్రం వాళ్ల నాన్నది, కత్తి వాళ్ల తాతది, ఆశీర్వాదం వాళ్ల పురోహితుడిది. వాడిదేముంది, మీసమా? కుమ్మరోడు గెలవాలి. చాకలామె గెలవాలి." ఒకసారి ఏడు రాజ్యాలున్న పెద్ద నవల కుట్టించి, మొదటి పేజీ అంచున రాసింది: 'ఏడు రాజ్యాలు, ఏడు కోటలు, ఏడు తోటలు. ఒక్క చోట కూడా నాట్లు వేసేవాళ్లు లేరు. ఈ రాజులందరూ తినేదేంటి?'

అది చదివి నేను పనాపి చాలాసేపు నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను. మా అమ్మ నాట్లు వేసిన మనిషి.

"మీరింకా రాకుమారుడి కోసం ఎదురుచూస్తున్నారేమో అనుకున్నానండీ," అని ఏడిపించాను ఒకసారి. ఆవిడ పెళ్లి చేసుకోలేదు.

"వస్తే వచ్చాడు గానీ, వాడి గుర్రానికి గడ్డెవరు కోస్తారయ్యా?"

బొమ్మల కథల దగ్గరకొస్తే ఇంకా పట్టింపు. పాత రోజుల్లో బొమ్మలు వేసినవాళ్ల పేర్లు చాలాచోట్ల అచ్చు వేసేవాళ్లు కాదు. ఆవిడ వాళ్లకి తనే పేర్లు పెట్టుకుంది. గుర్రాలకి కనురెప్పల వెంట్రుకలు గీసేవాడు 'కాటుక గుర్రాలాయన'. చేతులు గీయడం రాక అందరి చేతులూ వెనక్కి పెట్టించేవాడు 'చేతులు కట్టుకున్నాయన'. పేజీ దూరం నుంచి చూపించినా ఎవరిదో చెప్పేది. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలు తెలుగు చేసి అమ్మిన రోజుల గురించి అడిగితే మొహం చిట్లించేది. "ఆ మాటల బుడగలు వాళ్ల మాటల కొలతకి కుట్టినవి. మన మాట పట్టదు. చొక్కా పట్టక బొజ్జ బయటికొచ్చినట్టు సగం మాట బయటే ఉండేది. పట్టించడం కోసం వీరుడి చేత అమ్మా అనిపించేవాళ్లు, అంతే. దెబ్బ తగిలినా అమ్మా, పెళ్లి కుదిరినా అమ్మా."

ఇంకో కోపం, బొమ్మలో ఉన్నదే కింద రాయడం. "కత్తి దూస్తున్నట్టు గీశాడు. కింద 'అతడు కత్తి దూసెను' అని రాశాడు. నాకు కళ్లు లేవనా, వాడి బొమ్మ మీద వాడికి నమ్మకం లేకనా?"

ఒక శనివారం నన్ను కొట్టు మూయించి మరీ ధనంబోడు దాకా నడిపించింది. మా ఊరి పక్కనే పాత బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బ అది. ఎండ మండిపోతోంది. ఆవిడ గొడుగు, నా తల మీద తువ్వాలు.

"బొమ్మల కథ ఎక్కడో విదేశాల్లో పుట్టిందంటారు. ఇదిగో ఇక్కడ పుట్టిందయ్యా," అంది గొడుగు కొన నేలకి ఆనించి. "రాతి మీద రాజుని చెక్కాడు. చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు రాజు. పైన మేఘాలు. మేఘాల్లోంచి చదరపు నాణేలు వానలా కురుస్తున్నాయి. చుట్టూ రాణి, మంత్రి, గుర్రం, ఏనుగు. ఏం జరిగిందో, ఏం జరగబోతోందో ఒక్క రాయి మీద చెప్పేశాడు. అది బొమ్మల కథ కాకపోతే ఇంకేంటి?"

"ఆ రాయి ఏదండీ?"

"ఎప్పుడో పట్నం మ్యూజియానికి పట్టుకెళ్లారు. నేను ఫొటోలోనే చూశా."

"మరి మాటల బుడగ ఏదండీ?"

"చూడగానే తెలుస్తుంటే బుడగెందుకయ్యా నీకు?"

"రాజుగారికి చెమట పట్టిందాండీ?"

ఆవిడ నా వంక చూసి, "రాయి కదా, కనపడలా," అంది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా దాని గురించే ఆలోచించినట్టుంది. బస్సెక్కుతూ కిటికీలోంచి పిలిచి, "నాణేల వాన కురిపించినోడికి జ్వరం వచ్చే ఉంటదయ్యా. తర్వాతి రాయి మీద చెక్కుంటాడు. అది మనకి దొరకలేదు," అంది.

వాళ్ల పాస్టరు గారు ఒకసారి మెత్తగా మందలించారట, మంత్రాల పుస్తకాలు ఎందుకమ్మా మనకి అని. "దయ్యాలు ఓడిపోయే పుస్తకాలే చదువుతున్నానండీ అయ్యగారూ," అందట. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. పైగా చర్చి పాటల పుస్తకాలు చిరిగిపోతే, ఆవిడ మాట మీద ఏడు పుస్తకాలు బైండింగుకి నాకే పంపారు. గుడ్ ఫ్రైడే ముందు వారం అది. స్కూళ్ల రికార్డులు కూడా అప్పుడే వచ్చి పడ్డాయి. ఆ వారంలోనే ఆవిడ ఫోను.

"మా తమ్ముడు పోయాడయ్యా. ముక్త్యాలలో."

తమ్ముడున్నట్టు నాకు అప్పటిదాకా తెలియదు. సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేశాడట.

"వాడి దగ్గర ఒక బొమ్మల సీరియల్ కాగితాలున్నాయి. మా మరదలు బస్సులో నీకే పంపిస్తది. నేను విప్పి చూడను. కుట్టి ఉంచు. మొదటి నుంచీ చదువుకుంటా." అంతే. ఫోను పెట్టేసింది.

ఎప్పుడూ చెప్పే అంచుల మాట ఆ రోజు చెప్పలేదు. పదిహేనేళ్లుగా చెబుతూనే ఉంది కదా, ఇంకా చెప్పాలా అనుకుని ఉంటుంది. నేనేమో, చెప్పలేదు కదా అనుకున్నాను.

కట్ట విప్పితే కాగితాల అంచులన్నీ సిమెంటు దుమ్ముతో బూడిద రంగు తిరిగాయి. మూలలు ఎలకలు కొరికాయి. ఆవిడ పెన్సిలు రాత వెలిసిపోయి ఉంది. దాని పక్కనే, మీదా, కిందా ఎవరో ఎర్ర బాల్ పెన్నుతో ఎడాపెడా గీకారు. ఆ ఇంట్లో పిల్లలెవరో పాడుచేశారనుకున్నాను. చదివి చూసే తీరిక లేదు. గుడ్ ఫ్రైడే ముంచుకొస్తోంది. తమ్ముడు పోయిన మనిషి, ఈ ఒక్క పుస్తకమైనా అందంగా చేసిద్దాం అనిపించింది. మెరూన్ కాలికో గుడ్డ వేశాను. వెన్ను మీద బంగారు గీతలు కొట్టాను. మూడు వైపులా అరంగుళం లోపలికి పెట్టి, చక్రం తిప్పాను.

ఆవిడ వచ్చిన రోజు పుస్తకాన్ని తువ్వాలుతో తుడిచి చేతికిచ్చాను. మెచ్చుకుంటుందని పక్కనే నిలబడ్డాను కూడా. ఆవిడ తెరవలేదు. ముందు అంచు మీద వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి గీసింది. నున్నగా ఉంది.

"ఎంత కోశావు?"

"అరంగుళం టీచర్ గారూ."

తెరిచింది. పేజీ అడుగున ఎర్ర అక్షరాల తలకట్లు మాత్రం వరసగా ఉన్నాయి. ఒళ్లు లేదు. ఆవిడ ఒక్కో పేజీ తిప్పింది. ఒక చోట 'అక్కా' అన్న మాట సగం మిగిలింది. అప్పుడు చదివాను నేను.

తిడితే బాగుండేది. తిట్టలేదు. నీళ్లు అడిగింది. తాగాక, తనంతట తనే చెప్పింది.

అమ్మ పోయినప్పుడు అక్కాతమ్ముళ్లకి మాటా మాటా వచ్చింది. మాటలు ఆగిపోయాయి. ఆ రోజుల్లోనే ఒక వారపత్రికలో ఈ బొమ్మల సీరియల్ మొదలైంది. ఆవిడ నందిగామలో కొని, చదివి, అంచున పెన్సిలుతో తన అభిప్రాయం రాసి, ముక్త్యాల వెళ్లే బస్సు కండక్టరు చేతికిచ్చేది. తమ్ముడు చదివి, ఎర్ర పెన్నుతో ఎదురు రాసి, తిరుగు బస్సులో పంపేవాడు. అది చూసి ఆవిడ మళ్లీ రాసి మళ్లీ పంపేది. ఆఖరికి దాచేది తమ్ముడే. మూడేళ్లు అట్లా సాగింది. ఎదురుపడితే మాట లేదు. కాగితం మీద మాత్రం ఒకటే పోట్లాట.

"దేని గురించండీ?" అనడిగాను.

"కథలో ఒక మాంత్రికుడు తన ప్రాణం ఒక కుమ్మరిపిల్ల కాలి కడియంలో దాచాడు. ఆ పిల్లకి చెప్పకుండా. దానికి తెలుసా లేదా అని మొదటి నెల నుంచే మా పోట్లాట. ఆఖర్లో ఆ పిల్ల కడియం తీసి ఏట్లో పడేసింది. వాడు చచ్చాడు. తెలిసి పడేసిందా, తెలియకనా? కథలో చెప్పలేదు. తెలిసే అని నేను. తెలియకుండా జారిపోయిందని వాడు."

"ఆఖరికి ఏం తేలిందండీ?"

"ఆఖరి భాగం వాడు తిప్పి పంపలేదయ్యా. పత్రిక కూడా మూతపడింది. ఆ తర్వాత పెళ్లిళ్లలో కనపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నాం, అంతే. ఏం రాశాడో ఇప్పుడు చూద్దామనే వచ్చా."

నేను కొట్టు వెనక్కి వెళ్లి, కోత ముక్కల గోనెసంచి మోసుకొచ్చి ఆవిడ ముందు బోర్లించాను.

మిషన్ మీద కోసిన ముక్కలు అదృష్టం కొద్దీ వరసలోనే పడతాయి. వరసగా మూడు శనివారాలు కూర్చున్నాం. నేను తెల్లకాగితాలతో ఒక పుస్తకం కుట్టాను. ఆవిడ ముక్క చదివి నంబరు చెప్పేది, నేను అతికించేవాణ్ణి. చదివేటప్పుడు ఇద్దరి గొంతులూ ఆవిడే.

"'దానికి తెలుసు. పదకొండో వారంలో కడియం వైపు చూసింది, చూడు.' ఇది నేను. 'దోమ కుట్టి చూసుకుంది.' ఇది వాడు. చూశావా ఎంత పొగరో?"

"దోమ బొమ్మలో ఉందాండీ?"

"లేదు. నేనూ అదే రాశా. కింద చూడు, 'దోమని చేతులు కట్టుకున్నాయన గీయలేడు' అని రాశాడు వెధవ." అని, కళ్లజోడు తీసి తుడుచుకుంది. నవ్వుతోందనే అనుకున్నాను.

మూడో శనివారం సాయంత్రానికి అన్నీ దొరికాయి, ఆఖరి పది భాగాల అడుగు ముక్కలు తప్ప. సంచి దులిపాం. కొట్టంతా ఊడ్చాం. అప్పుడు గుర్తొచ్చింది నాకు. గుర్తురాకపోతే బాగుండుననిపించింది.

"టీచర్ గారూ, అవి చర్చిలో ఉన్నాయండీ."

"ఏ చర్చి?"

"మీ చర్చే. పాటల పుస్తకాల వెన్నులో పట్టీ వెయ్యడానికి కాగితం ముక్కలు కావాల్సొస్తే, చేతికందినవి తీసి అతికించేశా. కొలతకి సరిగ్గా సరిపోయినయ్."

 ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. "మాంత్రికుడు పాటల పుస్తకంలో దూరాడన్నమాట," అంది. ఈసారి నిజంగానే నవ్వుతోంది.

"రేపే వెళ్లి ఏడూ తెచ్చి విప్పేస్తానండీ."

"పండగకి కొత్తగా కుట్టించుకున్న పుస్తకాలు నెల తిరక్కుండా విప్పుతావా? ఎందుకురా అంటే ఏం చెప్తావు, కుమ్మరిపిల్ల కడియం కోసమనా? అది వాళ్ల వస్తువు. నీదీ కాదు, నాదీ కాదు. కుట్టుకి ఎన్నేళ్లు గ్యారంటీ ఇచ్చావు?"

"పదేళ్లండీ."

"అయితే ఊడినప్పుడే చూద్దాం. సీరియల్ చదివిన దాన్ని, ఆగడం నాకు కొత్తా?"

అని, అతికించిన పుస్తకం ఆఖరి పేజీ తెరిచింది. ఆ పేజీ ఖాళీ. బుట్టలోంచి పెన్సిలు తీసి, పై సగం వదిలేసి, కింద సగంలో రాసింది: 'కాదు. దానికి తెలుసు. నువ్వు వందసార్లు రాసినా దానికి తెలుసు, మొండోడా.'

"వాడేం రాశాడో చూడకుండానే జవాబాండీ?"

"వాడు తెలియదనే రాసుంటాడు. మూడేళ్లు అదేగా రాశాడు. నాకు పంపలేదంటే ఎందుకనుకున్నావు? పంపితే మళ్లీ నేను రాస్తా. ఆఖరి మాట తనదే అవ్వాలని దాచుకున్నాడు. నా తమ్ముడు నాకు తెలియదా? పుస్తకం నీ దగ్గరే ఉంచు. అతికించాల్సింది నువ్వేగా."

మెరూన్ పుస్తకం పట్టుకెళ్లింది. అంచుల పుస్తకం నా అలమరలో ఉండిపోయింది.

ఆ తర్వాత మోకాళ్లు పట్టేసి రావడం తగ్గిపోయింది గానీ ఫోను చేసేది. ఎక్కువగా ఆదివారం ఆరాధన అయ్యాక.

"ఈ రోజు మూడో బెంచీ పుస్తకం వెన్ను నొక్కి చూశానయ్యా. ఇనపముక్కలా ఉంది."

"క్షమించండి టీచర్ గారూ."

"ఒక్క పనన్నా చెడగొట్టలేవా నువ్వు?"

"ఒకటి చెడగొట్టాగదండీ."

 అవతల నవ్వు. "సరేలే. దానికి దీనికి చెల్లు."

పదేళ్లు నిండిన ఏడాది నేనే చేశాను. "గ్యారంటీ అయిపోయిందండీ టీచర్ గారూ. ఇప్పుడు విప్పితే ఎవరూ ఏమీ అనరు. పాస్టరు గారికి నేను చెప్పుకుంటా."

"ఒద్దులేవయ్యా," అంది. గొంతు బాగా సన్నబడిపోయింది. "చదివేస్తే అయిపోద్ది."

అదే ఆఖరిసారి మేం ఆ సంగతి మాట్లాడుకోవడం.

చర్చి పెద్ద వెళ్లిపోయాక పాటల పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, వెన్నులో ఎండిన జిగురు మీద తడిగుడ్డ వేసి ఉంచాను. మధ్యాహ్నానికి మెత్తబడింది. బ్లేడుతో గీకకుండా వేలితోనే ఒలిచాను. నాలుగు పట్టీలు వచ్చాయి. మూడింటి మీద ఏమీ లేదు. నాలుగోదాని మీద ఎర్ర రాత, రెండు వరసలు. పై వరసకి తలకట్లు లేవు, అవి నందిగామలో మెరూన్ పుస్తకంలో ఉన్నాయి. అయినా చదవొచ్చు.

'నువ్వన్నదే నిజం అక్కా. ఆ పిల్లకి మొదట్నుంచీ తెలుసు. నాకు రెండో నెలలోనే అర్థమైంది. ఒప్పుకుంటే నువ్వు పంపడం మానేస్తావని'

అక్కడితో ఆగిపోయింది. ఆ తర్వాతి మాట పాటల పుస్తకం కొలతకి నేనే కోసేశాను.

సమాధి దగ్గర ఊడిన పుస్తకం ఇది. ఆవిడ ఆదివారాలు ఒళ్లో పెట్టుకుని పాడింది దీన్నో, పక్క బెంచీ దాన్నో నాకు తెలియదు. ఆయన్ని అడగలేదు. దీన్నే అనుకుంటున్నాను.

ఇన్నేళ్లలో ఆవిడ తప్పు పట్టుకోవాలని ఎన్నిసార్లు చూశానో. ఒక్కసారీ దొరకలేదు. ఇప్పుడు దొరికింది, ఎర్ర రాతతో సహా. 'టీచర్ గారూ, మీ తమ్ముడు మీకు తెలియదండీ' అని ఫోనులో అరవాలనిపించింది. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా.

అలమరలోంచి అంచుల పుస్తకం తీసి, మైలుతుత్తం కలిపిన జిగురు పలచగా రాసి, ఆ పట్టీని ఆఖరి పేజీ పై సగంలో అతికించాను. పైన తమ్ముడు ఒప్పుకుంటున్నాడు. కింద అక్క ఇంకా పోట్లాడుతూనే ఉంది. రెండూ ఒకదానికొకటి కుదరడం లేదు.

కింది వరస చెరిపేస్తే పేజీ బాగుంటుందనిపించింది. పెన్సిలు రాతే, రబ్బరుతో రెండుసార్లు రుద్దితే పోతుంది. బల్ల సొరుగులోంచి రబ్బరు తీశాను. ఆవిడ రాతని శుభ్రం చేద్దామని ఇంతకుముందు ఒకసారి నేను చేసిన నిర్వాకం గుర్తొచ్చి, మళ్లీ సొరుగులో పెట్టేశాను.